రెండో నంబరు గాస్కెట్

ట్రాయ్, మిషిగన్
11 ఏప్రిల్ 1981

అన్నయ్యకి,

ఫోన్‌లో మాట్లాడుకుంటే మూడో నిమిషానికి పోట్లాట వస్తోందని, ఇకమీదట ఉత్తరాలే రాసుకుందామని జనవరిలో నువ్వే అన్నావు. సరే, రాస్తున్నాను. ఉత్తరంలో నువ్వు మధ్యలో అడ్డు రాలేవు కాబట్టి నాకూ ఇదే బావుంది.

అసలు సంగతికొస్తాను. మా కుక్కర్ రబ్బరు పగిలిపోయింది. ఇండియా నుంచి తెచ్చుకున్న స్పేర్లు మూడూ అయిపోయాయి, ఇదే ఆఖరిది. ఆవిరంతా మూత చుట్టూ బుస్సుమని పోతోంది తప్ప విజిల్ రావట్లేదు. కందిపప్పు గంటన్నర ఉడికించినా పలుకుగానే ఉంటోంది. ఇక్కడి షాపులో అడిగితే కుక్కర్ పట్టుకొచ్చి చూపించమన్నారు. పట్టుకెళ్తే కౌంటర్లో ఆవిడ దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. వాళ్ళ దగ్గరున్నవి దీనికి సరిపోవు. ఇండియా నుంచి తెప్పిద్దామంటే మా వీధిలో ఉండే కృష్ణమూర్తిగారు వెళ్ళేది డిసెంబర్లో, తిరిగొచ్చేది ఫిబ్రవరిలో.

మీ బావగారు, కార్ల కంపెనీ ఇంజనీరు కదా, విండ్‌షీల్డ్‌కి పూసే సీలెంట్ ట్యూబు పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆపాను.

నువ్వు పద్నాలుగేళ్ళుగా ఆ టైర్ల ఊరు ఆక్రన్‌లో రబ్బరు తప్ప ఇంకో మాట మాట్లాడకుండా బతుకుతున్నావు. విమానాల టైర్లలో నా చెయ్యి ఉందని చెప్పుకుంటావు. చెల్లెలి కుక్కర్‌కి ఒక రింగు చెయ్యలేవా? కొలతకి పాతది ఇందులో పెడుతున్నాను.

వదినని అడిగానని చెప్పు.

భానుమతి


ఆక్రన్, ఒహాయో
20 ఏప్రిల్ 1981

చి.సౌ. భానుమతికి,
అన్నయ్య దీవెనలు, కాస్త విసుగు కలిపి.

నువ్వు పంపినది రబ్బరు కాదు, రబ్బరు శవం. చూడగానే ప్రాణం ఉసూరుమంది. దీన్ని ఎన్నేళ్ళు వాడావు? ఇంకో సంగతి. దాన్ని రింగు అనకూడదు, గాస్కెట్ అనాలి. రింగు వేలికి పెట్టుకునేది.

రబ్బరంటే నీకు కుక్కర్ మూత తప్ప ఇంకేమీ గుర్తు రాదని నాకు తెలుసు. అమెజాన్ అడవుల్లో ఒక చెట్టుకి గాటు పెడితే పాలు కారతాయి. మనవాళ్ళు ఎవరూ ఆ పేరు వినకముందే అక్కడి జనం ఆ పాలని గట్టిపరిచి బంతులు చేసుకుని ఆడుకున్నారు. నూరేళ్ళ క్రితం ఒక ఇంగ్లీషువాడు ఆ చెట్టు గింజలు డెబ్భైవేలు ఓడెక్కించి లండన్ చేర్చాడు. అందులో మొలిచినవి మూడువేలు కూడా లేవు. ఆ మొక్కలే సిలోనుకీ, మలయాకీ వెళ్ళి తోటలయ్యాయి. తూర్పుదేశాల తోటల్లో ఇవాళ చెట్టు చెట్టుకీ కొబ్బరిచిప్ప కట్టి పాలు పడుతున్నారంటే ఆ నాలుగు మొలకల చలవే. ఇంత చరిత్ర ఉన్న పదార్థాన్ని నువ్వు కందిపప్పుతో కొలుస్తున్నావు.

మా ల్యాబ్‌లో చాలా పెద్ద పనులు జరుగుతున్నాయి. ఊపిరి సలపడం లేదు. అయినా నీ కోసం ఒక మధ్యాహ్నం వీలు చూసుకుంటాను. ఇలాంటిది చెయ్యడం మాకు చిటికెలో పని.

అచ్యుతరావు


భానుమతీ,

కవరు అంటించి పోస్టులో వేసే పని నాది కాబట్టి ఈ ముక్క లోపల దూరుస్తున్నాను. చదివి చింపెయ్యి.

మీ అన్నయ్యకి ఉద్యోగం పోయి ఆరు వారాలైంది. మార్చిలో వాళ్ళ డిపార్ట్‌మెంట్ మొత్తం మూసేశారు. నీకు మాత్రం తెలియకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ల్యాబ్ లేదు, పెద్ద పనులూ లేవు. రోజూ పొద్దున్న ఎనిమిదికి టై కట్టుకుని, లంచ్ బాక్స్ పట్టుకుని, పబ్లిక్ లైబ్రరీకి పోయి కూర్చుంటారు. ఎదురింటివాళ్ళు చూస్తారని. ఇంట్లో ఉన్నంతసేపూ గోడ చూస్తూ కూర్చుంటారు. నాకు భయంగా ఉంది.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఏం జరిగిందో చెప్పనా? చదివి, నిన్ను గట్టిగా తిట్టి, టై విప్పేసి బేస్‌మెంట్‌లోకి దిగారు. ఆ రోజు అన్నంలో మారు అడిగి పెట్టించుకున్నారు. ఆరు వారాల్లో అదే మొదటిసారి.

వసుమతి


ట్రాయ్
27 ఏప్రిల్ 1981

వదినా,

మీ పక్కింటావిడ అడ్రసుకి రాస్తున్నాను, అన్నయ్య కంట పడకుండా.

నీ చీటీ చదివి వంటింట్లోనే కూర్చుండిపోయాను. ఏడ్చాను కూడా. తర్వాత ఒళ్ళు మండింది. మార్చి నుంచీ నా దగ్గర దాస్తాడా? చిన్నప్పుడు లెక్కల్లో తప్పితే రిపోర్టు కార్డు బియ్యం డబ్బాలో దాచినవాడు ఇంకెలా ఉంటాడు.

నువ్వు నిశ్చింతగా ఉండు. గాస్కెట్ అడిగితే అన్నం తింటున్నాడంటే ఎన్నయినా అడుగుతాను. నాకేమీ తెలియనట్టే ఉంటాను. వాడికి పని కావాలి, నాకు కుక్కర్ కావాలి. ఉద్యోగం దొరికేదాకా వాణ్ణి బేస్‌మెంట్‌లో బిజీగా ఉంచే పూచీ నాది.

భానుమతి


ఆక్రన్
16 మే 1981

భానూ,

ఇదిగో నీ గాస్కెట్. లోపలి అంచు మీద చిన్నగా 1 అని చెక్కాను. ఏ పని చేసినా నంబరు వేసి నోట్‌బుక్‌లో రాయడం మా అలవాటు.

ఇది అసలు సిసలు చెట్టు రబ్బరు, గంధకంతో ఉడికించినది. పచ్చి రబ్బరుకి ఒక జబ్బుంది. ఎండకి జిగురవుతుంది, చలికి చెక్కవుతుంది. నూటయాభై ఏళ్ళ క్రితం ఈ దేశంలో రబ్బరు కోట్లూ బూట్లూ చేసి అమ్మినవాళ్ళు, వేసవిలో అవి కరిగి కంపుకొడుతుంటే గొయ్యి తీసి పాతిపెట్టాల్సొచ్చింది. గుడ్‌ఇయర్ అనే ఆయనకి ఆ జబ్బు కుదర్చాలని పిచ్చి పట్టింది. దొరికిన పొడినల్లా కలిపి చూశాడు. 1839లో ఒకరోజు గంధకం కలిపిన ముద్ద చెయ్యిజారి వేడి పొయ్యి మీద పడిందట. కరగలేదు! తోలులా గట్టిపడింది, లాగితే సాగి వెనక్కొచ్చింది. ఈ రోజు లోకం చక్రాల మీద తిరుగుతోందంటే ఆ పొయ్యి చలవ.

నేను మాత్రం చెయ్యి జార్చలేదు. మా ల్యాబ్‌లోని పెద్ద ప్రెస్ మీద, సరిగ్గా లెక్క ప్రకారం చేశాను. నీ కందిపప్పుకి నా ఆశీస్సులు.

అచ్యుతరావు


భానుమతీ,

ఆ పెద్ద ప్రెస్ నా ఓవెన్. యూనివర్సిటీలో పనిచేసే నరసింహగారు గంధకం కలిపిన రబ్బరు షీటు ఇచ్చారు. మీ అన్నయ్య దాన్ని కోసి, మధ్యలో బొక్క ఉండే నా కేక్ పాన్‌లో చుట్టూ పరిచి, మీద ఇంకో పాన్ బోర్లించి, నాలుగు బిగింపులు బిగించి ఓవెన్‌లో పెట్టారు. ఇల్లంతా గంధకం. పక్కింటావిడ వచ్చి ఫైర్ ఇంజన్‌ని పిలవనా అని అడిగింది. ఆయన మాత్రం మహా హుషారుగా ఉన్నారు. పాటలు కూడా పాడుతున్నారు. గంధకమే నయం.

వసుమతి


ట్రాయ్
31 మే 1981

అన్నయ్యకి,

నీ ఒకటో నంబరు సంగతి రాస్తున్నాను. కూర్చుని చదువు.

నిన్న మీ బావగారి ఆఫీసులో పనిచేసే కృష్ణమోహన్‌గారి కుటుంబాన్ని భోజనానికి పిలిచాం. పులావు పెట్టాను. మొదటి విజిల్ వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. రెండో విజిల్‌కి వంటింట్లో ఎవరో కారు బ్రేకు గట్టిగా తొక్కిన వాసన వచ్చింది. మూడో విజిల్ రానే లేదు. మూత తీద్దామంటే ఊడదు. నీ గాస్కెట్ ఉబ్బి జలగలా పట్టేసింది. మీ బావగారూ, కృష్ణమోహన్‌గారూ చెరోవైపు పట్టుకుని గుంజారు. మూత ఊడేసరికి ఇద్దరూ చెరో గోడకి వెళ్ళి కొట్టుకున్నారు.

పులావులో లవంగాలు, యాలకులు, టైరు, అన్నీ సమపాళ్ళలో ఉన్నాయి. కృష్ణమోహన్‌గారు మర్యాదస్తులు. "ఈ మసాలా ఎక్కడ కొన్నావమ్మా?" అని అడిగారు.

నువ్వు రాసిన చరిత్ర చదివాను. ఒక్క సందేహం. ఆయన ముద్ద పడేసింది ఎవరి పొయ్యి మీద? వాళ్ళావిడ పొయ్యే కదా? ఆవిడ పేరేమిటి? ఆ రోజు వాళ్ళింట్లో ఏం తిన్నారు? అది కూడా కనుక్కుని రాయి.

ఇంకోటి చేసి పంపు. తినగలిగేలాంటిది.

భానుమతి


ఆక్రన్
20 జూన్ 1981

భానూ,

తప్పు నాదే. ఈ వాక్యం దాచిపెట్టుకో, మళ్ళీ దొరకదు.

చెట్టు రబ్బరుకి నెయ్యి పడదు. తగిలితే ఉబ్బుతుంది. ఈ సంగతి మొదటి ఏడాది చదువుకునేవాళ్ళకి కూడా తెలుసు. నేను కుక్కర్ అంటే ఆవిరే అనుకున్నాను. నువ్వు లోపల గిన్నె పెట్టకుండా, నేరుగా కుక్కర్లోనే గరిటెలకొద్దీ నెయ్యి పోసి వండుతావని ఎలా ఊహిస్తాను? టైర్ల కంపెనీలో మాకు నెయ్యి తగిలే అవకాశం తక్కువ.

అందుకే ఈసారి చెట్టుని వదిలేశాను. 1942లో జపాను మలయా తోటలు పట్టుకుంది. అమెరికాకి రబ్బరు రావడం ఆగిపోయింది. జనం పాత టైర్లు, తోట గొట్టాలు, ఆడవాళ్ళ స్నానాల టోపీలు కూడా తెచ్చి పెట్రోలు బంకుల దగ్గర కుప్పపోశారు. అప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోని కంపెనీలన్నీ కలిసి కూర్చుని, రహస్యాలు చెప్పుకుని, పెట్రోలియం నుంచీ ఆల్కహాల్ నుంచీ రబ్బరు తీశాయి. అందులో సగం బుర్ర మా ఊరిదే. మూడేళ్ళలో, చెట్టుతో పనిలేకుండా, లక్షల టన్నులు! యుద్ధం గెలిచింది బాంబులని అందరూ అంటారు. ఆ బాంబులు మోసిన బళ్ళకి టైర్లు ఎవరిచ్చారు?

నీకు పంపుతున్నది ఆ జాతిదే, నైట్రైల్ అంటారు. నూనె పోసినా నెయ్యి పోసినా చలించదు. గంధకం వాసన పోయేదాకా ఆరుసార్లు ఉడకబెట్టాను. 2 అని చెక్కాను. డ్యూరోమీటర్ అని ముల్లుండే చిన్న పరికరం ఉంటుంది, రబ్బరు మీద నొక్కితే ఎంత గట్టిగా ఉందో అంకె చూపిస్తుంది. దీనికి 62 చూపించింది. నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ఆవిడ పేరు క్లారిస్సా. లైబ్రరీలో వెతికి పట్టుకున్నాను. పొయ్యి ఎవరిదన్న దాని మీద పుస్తకాలు ఒక మాట మీద లేవు. ఆ రోజు ఏం తిన్నారో ఎవరూ రాయలేదు. నీ ప్రశ్న న్యాయమైనదే.

అచ్యుతరావు


ట్రాయ్
3 జూలై 1981

అన్నయ్యకి,

రెండో నంబరు అంది. వాసన లేదు, ఒప్పుకుంటాను. కానీ ఎడమవైపు నుంచి సన్నగా ఆవిరి పోతోంది. విజిల్ కూడా జ్వరం వచ్చినదానిలా నీరసంగా వస్తోంది. ఇంకొంచెం లావుగా చేసి పంపు. తొందరేం లేదు, నీ పెద్ద పనులన్నీ అయ్యాకే.

భానుమతి


ట్రాయ్
3 జూలై 1981

వదినా,

అన్నయ్యకి రాసింది పచ్చి అబద్ధం. రెండో నంబరు బంగారం! వారం రోజులుగా విజిల్ వేస్తుంటే వీధి చివర వరకూ వినిపిస్తోంది. పప్పు వెన్నలా ఉడుకుతోంది. మీ బావగారు, అంటే మా ఆయన, రోజూ ఒకసారి దాన్ని చేతిలోకి తీసుకుని "ఏం చేశాడు, ఏం చేశాడు" అంటున్నారు.

కానీ బావుందని రాస్తే ఏమవుతుంది? పని అయిపోయిందని వాడు మళ్ళీ టై కట్టుకుని లైబ్రరీకి పోతాడు. అందుకే వంక పెట్టాను. మూడోది వస్తే నా స్నేహితురాలు శాంతికిస్తాను, వాళ్ళ రబ్బరు కూడా పోయింది. ఇక్కడ అందరివీ ఒకే సైజు కుక్కర్లు.

భానుమతి


ఆక్రన్
8 ఆగస్టు 1981

భానూ,

మూడోది మరీ బిగుతుగా ఉందన్నావు. ఇది నాలుగు. కాస్త మెత్తగా చేశాను, 58.

ఈసారి చరిత్ర ఏమీ రాయడం లేదు.

అచ్యుతరావు


భానుమతీ,

పాటలు మానేశారు. నీ ఉత్తరం వచ్చిన ప్రతిసారీ బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని రెండుసార్లు చదువుతున్నారు. మొన్న అన్నం మధ్యలో "ఎడమవైపు ఎందుకు లీక్ అవుతుంది?" అన్నారు, తనలో తనే. ఒక్కసారి బావుందని రాయకూడదూ?

వసుమతి


ట్రాయ్
17 ఆగస్టు 1981

వదినా,

బావుందని రాయాలని నాకు మాత్రం లేదా? కాగితం తీస్తే చెయ్యి రాదు. వాడిలా ఆలోచిస్తున్నాడంటే మనసు పనిలో ఉందనే కదా. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు. వాడి సంగతి నాకు తెలుసు. తిడితేనే కదులుతాడు.

నాలుగో నంబరు మా పక్కింటి రాధారాణిగారికిచ్చాను. ఆవిడ మా ఇంటికి స్వీట్ చేసి తెచ్చారు.

భానుమతి


ట్రాయ్
19 సెప్టెంబర్ 1981

అన్నయ్యకి,

ఐదోది వాడి చూశాను. అన్నంలో నల్లటి మచ్చ ఒకటి కనిపించింది. మిరియం కావచ్చు. కానీ రబ్బరు రాలిందేమోనని నాకు అనుమానం. ఆరోది చేసేటప్పుడు ఆ సంగతి చూడు.

భానుమతి


ఆక్రన్
12 అక్టోబర్ 1981

భానూ,

ఈ ఉత్తరం వసుమతికి చూపించలేదు. నేనే పోస్టు చేస్తున్నాను.

ఇన్నాళ్ళూ నీకు అబద్ధాలు రాశాను. మార్చి ఆరో తేదీన నా ఉద్యోగం పోయింది. ల్యాబ్ లేదు, ప్రెస్ లేదు. వసుమతి ఓవెన్ ఉంది. చెల్లెలి ముందు చిన్నబోవడం ఇష్టం లేక దాచాను. ఇంకే కారణమూ లేదు.

ఇక్కడికి గంట దూరంలో ఒక చిన్న కంపెనీ ఉంది. వంటసామాన్లకీ, ఆసుపత్రి పరికరాలకీ గాస్కెట్లు చేస్తారు. ఈ నెల 23న, శుక్రవారం, ఇంటర్వ్యూకి రమ్మన్నారు. ఏడు నెలల్లో నన్ను పిలిచింది వాళ్ళొక్కళ్ళే. నేను వెళ్ళడం లేదు. రాలేనని వచ్చే సోమవారం వాళ్ళకి రాస్తాను.

ఆరో నంబరు ఇందులో పెట్టాను. ఇక చెయ్యను. ఇప్పటికి ఐదు చేశాను, ఐదూ నీ వంటింట్లో ఓడిపోయాయి. దీని గతీ అంతే అయివుంటుంది. రబ్బరు రాలుతోందన్నావే, అది చదివాక రెండు రోజులు బేస్‌మెంట్‌లోకి దిగలేదు. ఎందుకు రాలుతుందో నాకు అర్థం కావడం లేదు భానూ. పద్నాలుగేళ్ళు పదిమందితో కలిసి పనిచేసి, వచ్చిన పేరంతా నాదే అనుకున్నాను. ఒంటరిగా ఒక కుక్కర్ రింగు చెయ్యలేనివాణ్ణి గాస్కెట్ల కంపెనీ వాళ్ళ ముందు ఏ మొహం పెట్టుకుని కూర్చోను? నేపర్‌విల్‌లో నా పాత స్నేహితుడు జగదీష్ ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముతున్నాడు. నన్నూ రమ్మంటున్నాడు. వెళ్ళిపోతాను.

కృష్ణమూర్తిగారిని ఫిబ్రవరిలో ఇండియా నుంచి మంచిది ఒకటి తెమ్మను.

అచ్యుతరావు


ట్రాయ్
15 అక్టోబర్ 1981
ఎక్స్‌ప్రెస్ మెయిల్

అన్నయ్యా,

ముందు ప్యాకెట్‌లో ఉన్నది తీసి చూడు. లోపలి అంచు మీద 2 అని ఉంటుంది. నీ చేత్తో చెక్కిన అంకే.

జూన్ 26న దాన్ని కుక్కర్‌కి పెట్టాను. నిన్నటిదాకా తియ్యలేదు. రోజూ రెండు పూటలా, శనాదివారాలు మూడు పూటలా, పప్పు, పులావు, సెనగలు, సాంబారు, మాంసం, అన్నీ దాని మీదే. ఒక్కరోజు ఆవిరి పోలేదు. ఎడమవైపూ పోలేదు, కుడివైపూ పోలేదు. విజిల్‌కి జ్వరం రాలేదు. అన్నంలో మచ్చ మిరియమే. నేనే వేశాను.

మూడో నంబరు శాంతి ఇంట్లో ఉంది. నాలుగు రాధారాణిగారింట్లో. ఐదు ఇంకో స్నేహితురాలు నళిని దగ్గర. ఆరోది నిన్న అందగానే కృష్ణమోహన్‌గారి భార్యకిచ్చాను. ఆ పులావు తిన్న మనిషి ఇంట్లో కూడా నీ గాస్కెటే విజిల్ వేస్తోంది. ఆయన భయపడుతూనే తిన్నారు, తర్వాత మారు పెట్టించుకున్నారు. ఒకటో నంబరు తప్ప నువ్వు చేసినవాటిలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కూడా ఓడిపోలేదు.

ఉద్యోగం సంగతి నాకు ఏప్రిల్‌లోనే తెలుసు. వదిన చెప్పింది. వదినని ఏమీ అనకు, అంటే నేను ఊరుకోను. నువ్వు గోడ చూస్తూ కూర్చుంటున్నావంటే నాకు గుండె ఆగినంత పనైంది. నీకు పని ఉండాలని వంకలు పెట్టాను. ఒక్కో వంకా నీకు ఎక్కడ తగులుతోందో నాకు తెలియలేదు. వదిన హెచ్చరించింది. నేను వినలేదు. పుట్టి బుద్ధెరిగాక నిన్ను ఒక్కసారైనా మెచ్చుకున్నానా? నాకు చేతకాదు. నువ్వు ఇంజనీరింగ్‌లో ఫస్టొచ్చినప్పుడు కూడా నీ చొక్కా బాలేదన్నాను. నా నోటి దురుసుకి నీ బతుకు ఇన్సూరెన్స్ పాలసీల పాలయితే నేను తట్టుకోలేను.

ఫోన్ చేద్దామని రెండుసార్లు రిసీవర్ తీశాను. చేస్తే ఓదార్చడానికి ఇంకో అబద్ధం చెప్తున్నానంటావు. మనుషులు చెప్పేది నువ్వెప్పుడూ నమ్మవు. అందుకే దాన్నే కుక్కర్లోంచి ఊడదీసి పంపుతున్నాను. నీ దగ్గర ఆ ముల్లు పరికరం ఉందిగా, నొక్కి చూడు. నోట్‌బుక్‌లో అంకెతో సరిచూసుకో. ఇక్కడ నేను మళ్ళీ పలుకు పప్పే తింటాను, పర్వాలేదు.

ఆ సోమవారం ఉత్తరం రాశావంటే మాత్రం నేనే కారేసుకుని వస్తాను.

నీ చెల్లెలు,
భానుమతి


ఆక్రన్
26 అక్టోబర్ 1981

భానూ,

రెండో నంబరు కొత్తలో 62. నాలుగు నెలల ఆవిరి, నెయ్యి, నీ వంట, ఇన్ని తట్టుకున్నాక 66. ఆ నాలుగు తేడా లెక్కలోకే రాదు. మూడుచోట్ల నొక్కాను, మూడుచోట్లా అదే అంకె. పగులు లేదు, ఉబ్బు లేదు. అంకె చూసి బేస్‌మెంట్‌లో నిలబడి కాసేపు ఏడ్చాను. తర్వాత నీ మీద పట్టరానంత కోపం వచ్చింది.

ఉద్యోగం సంగతి నీకు ముందే తెలుసు, పోనీ. వసుమతి చీటీలు పెట్టింది, పోనీ. కానీ ఏమీ పాపమెరుగని నా రెండో నంబరుకి ఎడమవైపు లీకని రాస్తావా? మిరియం గింజ వేసి, రబ్బరు రాలుతోందంటావా? ఆ మచ్చ గురించి నేను పదకొండు పేజీల నోట్సు రాశాను, తెలుసా? నరసింహ దగ్గరికెళ్ళి మైక్రోస్కోపు అడిగాను. ఈ ఒక్క విషయంలో నిన్ను క్షమించడానికి నాకు టైం పడుతుంది.

సోమవారం ఉత్తరం రాయలేదు. శుక్రవారం వెళ్ళాను.

ముగ్గురు కూర్చున్నారు. ఈ మధ్య ఏం చేశారని అడిగారు. రెండో నంబరు తీసి బల్ల మీద పెట్టాను. గదంతా ఇంగువ. మధ్యలో ఉన్న పెద్దాయన ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇది కాలిపోయిందా అన్నాడు. కాదండీ, మా చెల్లెలి సాంబారు అన్నాను. ఇంగువ కూడా ఒక మొక్క పాలే, వేరుకి గాటు పెడితే కారి గట్టిపడుతుందని మొదలుపెట్టి, అమెజాన్ మీదుగా 1942 దాకా వెళ్ళాను. ఎవరూ ఆపలేదు. నువ్వు నా ఉత్తరాలు చదివేటప్పుడు ఆ ముగ్గురి మొహాలూ గుర్తు తెచ్చుకోవాలి.

ఎక్కడ పరీక్షించారు అన్నారు. ట్రాయ్‌లో, ఐదు ఇళ్ళలో, రోజుకి రెండుసార్లు అన్నాను. ఆ పక్కనున్నాయన తమ మెషీన్ మీద కూడా ఏదీ ఇంతకాలం నడపలేదన్నాడు. రికార్డు ఉందా అన్నారు. నీ ఉత్తరం తీసి చూపించాను. ఇదేం భాష అన్నారు. ఇంగ్లీషులో చదివి వినిపించాను. తిట్లు వదిలేశాను. అప్పుడు చాలా చిన్నదైపోయింది. "ఒక్కటి కూడా ఓడిపోలేదు" అన్న వాక్యం మాత్రం రెండుసార్లు చదివాను. పెద్దాయన నీళ్ళు ఇచ్చాడు.

ఆ గాస్కెట్ తమ దగ్గర ఉంచుకుంటామన్నారు. కుదరదు, ఒక కుటుంబం పప్పు లేకుండా ఉంది అని తెచ్చేసుకున్నాను. ఇందులోనే ఉంది. కడిగి పెట్టుకో.

అరగంట క్రితం ఫోన్ వచ్చింది. నవంబర్ రెండున చేరమన్నారు. వసుమతి కిరాణాకి వెళ్ళింది, ఇంకా రాలేదు. తనకి తెలియదు. నరసింహకి తెలియదు. ఉద్యోగం పోయినప్పుడు అందరికంటే ఆఖర్న నీకు చెప్పాను. ఇప్పుడు మొదట నీకే రాస్తున్నాను.

అన్నయ్య